ఇంటి ముచ్చటలు: కొత్త కారును, పూచీ పత్రమును

గత మాసమున చింతకాయ తొక్కు నిలువచేయు విధమును గూర్చి వ్రాసెదమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పినందులకు మన్నింపుడు. ఈ నెల మా యింట తొక్కునకు గాని తిరుగమోతకు గాని తీరిక లేకపోయెను. కొత్త కారు కొన్న నాటినుండి మాకు గల తీరిక యంతయు దాని సేవకే చెల్లిపోవుచున్నది. కావున దానినిగూర్చియే వ్రాయుచున్నాము. మీలో ననేకులు కార్లు కొన్నవారే, కొనబోవువారే. మాకు కలిగిన చిక్కు మీకును కలిగినచో చేతిలో కాగితములైన నుండవలెనని మా తాపత్రయము.

మావారు ఎమ్మిగనూరులో ఉపాధ్యాయులు. మా పుట్టినిల్లు ఆదోని. అచ్చట మా తల్లిగారొక్కరే యున్నారు. వారికి హృద్రోగము. నెల కొకమారు, ఒక్కొక నెల రెండుమారులు, కర్నూలు తీసికొనిపోయి వైద్యునకు చూపవలయును. ఆదోని నుండి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. మా యూరు త్రోవలోనే, ఆదోనికి 30 కిలోమీటర్ల దూరమున నున్నది. పత్తి దిగు దినములలో ఆదోని మార్కెటు యార్డు త్రోవ యెట్లుండునో ఆ ప్రాంతపు సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఒకనాడు తిరుగుబస్సులో చోటు దొరకక మా తల్లిగారు కోడుమూరు వరకు కమ్మి పట్టుకొని నిలుచుండియే వచ్చిరి. ఆ రాత్రి వారి పాదములు వాచియుండుట చూచి, కారు కొనవలయునని మేమే పట్టుపట్టితిమి. మావారు లెక్కలు చెప్పువారు గనుక మూడు దినములు లెక్క వేసి వలదనిరి. నాల్గవ దినమున మా నాలుగు గాజులును బ్యాంకున కుదువ పెట్టి, తక్కినది ఐదేండ్ల వాయిదాల ఋణముగా తెచ్చి, శ్రావణమాసమున తొమ్మిది లక్షల చిల్లర పోసి కారు కొంటిమి. కొబ్బరికాయ కొట్టితిమి, చక్రముల క్రింద నిమ్మపండ్లు పెట్టితిమి.

పదునెనిమిదవ దినమున ముందరి పలకమీద పసుపుపచ్చని యింజను బొమ్మ వెలిగెను. రెండు దినములకు తనంతట తానే యారెను. పిమ్మట పాటలు పాడు తెర నల్లబడెను. ఆ పిమ్మట బండి వెనుక నెవ్వరును లేకున్నను ఎవరో యున్నారని కీచుమని యరువ నారంభించెను. మా చిన్నవాడు దయ్యమేమోయని వెనుకకు తిరిగి చూచి, మరల ముందు సీటును వదలలేదు. బ్రేకుల దీపము, గాలిసంచుల దీపము కూడ వంతులవారీగా వెలుగుచుండెను. దీపావళి రెండు నెలలు ముందుగనే మా యింటికి వచ్చినదని మావారి పరిహాసము. మాకు నవ్వు రాలేదు.

కారు మరమ్మతుచేయు వారు కర్నూలున నున్నారు. పోను రాను 130 కిలోమీటర్లకు తక్కువ కాదు. నాలుగుమారులు పోయితిమి. పోయినప్పుడెల్ల వారొక యంత్రమును తగిలించి, అందు కనబడిన దోషసంకేతమును తుడిచివేసి, “సరిచేసినాము మేడం, తీసుకొని పొండి” యనుచుండిరి. జ్వరము చూచు గొట్టమును విదిలించినంత మాత్రమున జ్వరము తగ్గునా? ఊరు చేరునప్పటికి మరల దీపము వెలుగుచుండెను.

ఈ కాలపు కారు మన తండ్రులనాటి అంబాసిడరు కాదు. ఇంజనునకొక కంప్యూటరు పెట్టె, బ్రేకులకొకటి, గాలిసంచుల కొకటి, చుక్కాని కొకటి. చక్రము జారకుండ బ్రేకును పట్టి విడుచు ఏబీఎస్ సాధనము 2019 ఏప్రిల్ నుండియు, వెనుకకు పోవునప్పుడు హెచ్చరించు సెన్సారు ఆ సంవత్సరము జూలై నుండియు మన దేశపు కార్లలో తప్పనిసరి యైనవి. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నియమము వచ్చి, పొగను కనిపెట్టు సాధనములు పెరిగినవి. ఇవి మంచివే, ప్రాణరక్షకములే. కాని యీ పెట్టెలన్నియు ఒక్క బ్యాటరీ నుండియే విద్యుత్తును త్రాగి, కారు ఇనుప దేహము ద్వారముననే దానిని తిరిగి పంపును. ఆ తిరుగుదారిలో నొక్క మర వదులైనచో పది పెట్టెలును పది విధముల ఫిర్యాదు చేయును. ఈ సంగతి మాకు తరువాత తెలిసినది.

కార్తీకమాసమున నొక సాయంకాలము వైద్యుని చూచి మా తల్లిగారితో మరలివచ్చుచుంటిమి. కోడుమూరు దాటి గోనెగండ్ల చేరకమునుపే దీపములు మసకబారెను. పలకమీది బొమ్మలన్నియు నొక్కసారిగ వెలిగెను. చుక్కాని ఱాయివలె బిగిసిపోయెను. వెనుక పత్తి బేళ్ల లారీ హారను మ్రోగించుచు వచ్చుచుండెను. మావారు రెండుచేతుల బలము పెట్టి యెట్లో బండిని పక్కకు లాగిరి. లారీ మమ్ము రాచుకొనునంత దగ్గరగా పోయెను. మా తల్లిగారిని మోరీ గట్టుమీద కూర్చుండబెట్టి నాలుక క్రింద మాత్ర పెట్టితిమి. వారి చేయి మా చేతిలో చల్లగా నుండెను. అరగంటకు ఎమ్మిగనూరు బస్సు వచ్చెను. ఆ కండక్టరు పుణ్యాత్ముడు, మమ్ము చూచి బస్సు నాపించి తల్లిగారికి సీటు ఇప్పించెను. మావారు కారు చెంతనే యుండిపోయిరి. తల్లిగారు ఆ రాత్రి మమ్మొక్క మాట యనలేదు. తెల్లవారిన పిమ్మట, “నాకు బస్సే మేలు తల్లీ” యని మాత్రమనిరి. మా నాలుగు గాజులును ఆ మాటతో మరల కరగిపోయినట్లయ్యెను.

మరునాడు కారు ఏమియు నెరుగనిదానివలె నడచినది. మా వీథి చివర కార్ల విద్యుత్ పని చేయు నొక కుర్రవాడున్నాడు. మావారి శిష్యుడే, నేతగాండ్ర యింటి బిడ్డ. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘపు ఊరు గదా మాది! ఇచ్చట ఏ పనివానిని కదిలించినను తాతయో తండ్రియో మగ్గము ముందు కూర్చుండినవాడే. ఆ కుర్రవాడు వచ్చి, “నేను ముట్టుకుంటే వారంటీ పోతుందమ్మా. ముట్టుకోకుండా చూసి చెప్తా” నని, బ్యాటరీ ఋణధ్రువమునకును కారు దేహమునకును నడుమ మీటరు మొనలానించి, దీపములు వేయించెను. దాదాపు సున్న యుండవలసిన చోట ఒకటిన్నర వోల్టు కనబడెను. “ఎర్తు సరిగా లేదు సార్. పడుగులో ఒక్క పోగు తెగితే గుడ్డంతా గీత పడినట్టు ఇది” అనెను. బాగుచేయగలవాడు ముట్టరాదు. ముట్టదగినవారికి బాగుచేయుట రాదు. మా కారు గతి యిట్లుండెను.

ఈ మాట కర్నూలులో చెప్పగా వారు నవ్విరి. ఒక దినము బండిని నిలుపుకొని, ఎలుకలు తీగలు కొరికినవనియు, ఎలుకకాటు వారంటీలోనికి రాదనియు, తీగల కట్ట యంతయు మార్చుటకు 38 వేల రూపాయలగుననియు అంచనా పత్రమిచ్చిరి. ఋజువుగా నొక కొరికిన తొడుగును, ఇంజను సందులో దొరికిన వేరుసెనగ పొట్టును చూపిరి.

ఇచ్చట మా తప్పు మేము దాచము. కార్తీకమున మా బంధువుల చేనినుండి ఒక గోతాము వేరుసెనగ కాయలు ఆ కారులోనే తెచ్చి, రెండు రాత్రులు దింపకుండ నుంచిన మాట నిజము. ఎలుక వచ్చినది మా పిలుపుమీదనే. కాని పసుపుపచ్చ దీపము వెలిగినది భాద్రపదమున. కాయలు వచ్చినది కార్తీకమున. రెండు నెలల పిమ్మట రాబోవు ఎలుక ముందుగనే తీగ కొరుకునా? తర్కశాస్త్రము చదువనివారికిని తెలియు మాట యిది.

దీనికి సాక్ష్యమేది? మరమ్మతునకు బండి నప్పగించినప్పుడెల్ల వారిచ్చు జాబుకార్డులు. అవి నాలుగును పంచాంగము సంచిలో మేము దాచియుంచితిమి. తీసి చూడగా మూడింట దీపము సంగతి తేదీతో సహా వ్రాసియున్నది. నాల్గవదానిలో “సాధారణ పరీక్ష” యని మాత్రమున్నది, క్రింద మావారి సంతకము! పిల్లవాడు కొమ్ము మరచిన అరమార్కు తగ్గించు అయ్యవారు తాము చదువక సంతకము చేసినారు. ఆ దినము మేము వారిని కొంచెము గట్టిగనే యంటిమి. సోదరీమణులారా, మీరు చెప్పిన దోషము మీ మాటలలోనే వ్రాయించుడు. చదివిన పిమ్మటనే సంతకము చేయుడు.

ఆ రాత్రి పూచీ పత్రపు పుస్తకమును మొదటినుండి తుదివరకు చదివితిమి. చిన్ననాట మా తండ్రిగారు మాచే శ్లోకమునకు వ్యాఖ్యానము చెప్పించిన తీరుననే, పదపదమును విడదీసి చదివితిమి. ఇన్ని యేండ్లు, లేదా యిన్ని కిలోమీటర్లు, ఏది ముందైన నది. టైర్లకును బ్యాటరీకిని పూచీ వానివాని తయారీదారులది. బయట ముట్టించినను, బయటి సామగ్రి తగిలించినను ఆ భాగమునకు పూచీ లేదు. బండి నిలిచినందువలన మనకగు టాక్సీ ఖర్చు, బస ఖర్చు వారిది కాదు. ఇచ్చినది ఒక పుటలో, తీసికొన్నది నాలుగు పుటలలో!

పూర్వులు ఈ విషయమున తక్కువ వారు కారు. కొన్న వస్తువును పరీక్షించు గడువును యాజ్ఞవల్క్యస్మృతి వస్తువును బట్టి విధించినది. విత్తనములకు పది దినములు, ఇనుమున కొకటి, బరువు మోయు పశువునకు ఐదు, రత్నములకు ఏడు, పాడిపశువునకు మూడు. మా కారు ఇనుమా, బరువు మోయు పశువా యని మావారిని అడిగితిమి. వాయిదాలను బట్టి చూడగా రత్నమే యనిరి.

నేటి చట్టము ఇంతకంటె ఉదారమైనది. 1986 నాటి చట్టము స్థానమున వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము, 2019, 2020 జూలై 20న అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ ఏ నగరమున నున్నను సరియే. వివాదము పుట్టిన రెండేండ్లలో చేయవలయును. చెల్లించిన వెల ఐదు లక్షలలోపైన రుసుము లేదు. ఐదు మొదలు పది లక్షల వరకు 200 రూపాయలు. వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించు అధికారము కమిషనునకు గలదు. అంతకుముందు 1915 అను జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేసి చెప్పుకొనవచ్చును.

అయినను అతిగా ఆశింపరాదు. క్లచ్చి దోషమున్న యొక కారు విషయమున, పూచీ పత్రము ప్రకారము చెడిన భాగమును మార్చవలెనే గాని కారునే మార్చుమనరాదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2022లో వచ్చిన తీర్పు వేరొక తీరుది. 2015లో కొన్న హ్యుందాయ్ కారునకు 2017లో ప్రమాదము జరుగగా గాలిసంచులు తెరచుకొనలేదు. ఢీకొన్న వేగము చాలలేదని కంపెనీ వాదించెను. కొనువాడు భౌతికశాస్త్ర పండితుడై వేగమును బలమును గుణించి చూపనక్కరలేదని కోర్టు చెప్పి, కారు మార్చి యీయవలెనన్న క్రింది యుత్తరువును నిలిపెను. ఈ తీర్పు చదివినప్పుడు మాకు గుండె దిటవు కలిగెను. ఎర్తు అన నేమో నిన్నటివరకు మేమెరుగము గదా!

మేమే జాబు వ్రాసితిమి. తేదీలు, జాబుకార్డుల సంఖ్యలు, మీటరు చూపిన యంకె, గోనెగండ్ల సంగతి, వేరుసెనగ సంగతి కూడ దాచక వ్రాసితిమి. అది వ్రాయవలదని మావారనిరి. వారికి పొట్టు దొరికిన పిమ్మట మనము దాచిన నేమి లాభము? పైగా ఒక్క నిజము దాచినచో తక్కిన నిజములకు విలువ యుండదు. ఆ జాబును అమ్మినవారికిని, కంపెనీకిని రిజిష్టరు తపాలా ద్వారా పంపి, 1915కు ఫోను చేసితిమి.

పండ్రెండవ దినమున కంపెనీ పంపిన యింజనీరు వచ్చెను. బ్యాటరీ క్రింద, ఎర్తు తీగను దేహమునకు బిగించు మర యడుగున రంగు గీకకుండనే సగము బిగించి విడిచినారు. రంగు విద్యుత్తును పోనీయదు. బండి వేడెక్కి కదలినప్పుడెల్ల ఆ పట్టు తప్పుచుండెను. గీకి, తుడిచి, బిగించుటకు పావుగంట పట్టెను. 38 వేల అంచనా రద్దయ్యెను. కొరికిన యొక్క తీగకు తొడుగు వేసినందులకు 1,400 రూపాయలడిగిరి, ఇచ్చితిమి. అది మా యెలుక పద్దు. టాక్సీ ఖర్చులకు మాత్రము ఇంకను ఉత్తరప్రత్యుత్తరములు నడచుచున్నవి. వారు కాదన్నచో జిల్లా కమిషనుకు పోవుటకు 200 రూపాయలు పంచాంగము సంచిలోనే వేరుగ నుంచితిమి.

ఆరు వారములాయెను, దీపము వెలుగలేదు. మా వీథి కుర్రవాడు తన మాట నిజమైనదని విని మిఠాయి తీసికొనక, మీటరు తెచ్చి మరల చూచి, సున్న వచ్చిన పిమ్మటనే తీసికొనెను. గత శనివారము ఆదోని పోయి తల్లిగారిని బయలుదేరదీసితిమి. ఆమె గుమ్మములో చాలసేపు నిలిచి, బస్సు వేళ యడిగిరి. తుదకు ఎక్కిరి గాని, గోనెగండ్ల దాటి ఆ మోరీ గట్టు వెనుకబడు వరకు ముందరి పలకమీదనుండి చూపు మరల్చలేదు, మాత్రల డబ్బీ చేతినుండి దింపలేదు.

చింతకాయ తొక్కు సంగతి వచ్చే నెల తప్పక వ్రాసెదము.