ముఫ్త్ డబ్బా

"కేబినెట్ తీసుకోండి భాయ్, ఎస్‌ఎంపీఎస్ ముఫ్త్."

ఉప్పల్ రింగ్‌రోడ్డు నుంచి నాచారం దాకా కంప్యూటర్లు బిగించి అమ్మే దుకాణాల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. వినగానే మన అబ్బాల మొహాలు వెలుగుతాయి. మూడు నాలుగు వేలు మిగిలాయని ఖుషీ. నాకు మాత్రం ఆ మాట మీద చెప్పలేనంత గుస్సా. ఆ డబ్బా ముఫ్త్ కాదు. దాని ఖీమత్ తర్వాత వసూలవుతుంది, అదీ చాలాసార్లు ఇంట్లో పిల్లవాడి దగ్గర్నుంచి.

మన ఇళ్ళల్లోకి గేమింగ్ కంప్యూటర్ ఎలా వస్తుందో మీకు నేను చెప్పాలా? టెన్త్‌లో మంచి మార్కులొస్తే కొనిస్తానని అబ్బా చేసిన వాదా. నాలుగు రంజాన్ల ఈదీ. జెద్దాలో ఉన్న మామూ పంపిన కొన్ని రియాళ్ళు. మిగిలింది అమ్మీ ఎత్తిన చిట్టీ. అన్నీ కలిపి అరవై, అరవై అయిదు వేలు. కొనేముందు మూడు నెలల బహస్. గ్రాఫిక్స్ కార్డు ఏది, ప్రాసెసర్ ఏది, కేబినెట్‌కి ముందు అద్దమా జాలీనా, ఫ్యాన్లలో ఎన్ని రంగుల రోష్నీ. ఆ మొత్తం సామానుకి కరెంటు పెట్టే డబ్బా గురించి మాత్రం ఒక్క సవాల్ ఉండదు. కాగితం మీద అది ఆఖరి లైను. కొన్నిసార్లు ఆ లైనే ఉండదు.

గేమింగ్ మంచిదా చెడ్డదా అన్న బహస్ ఇక్కడ పెట్టను. "ఆటలకి ఇంత డబ్బా, ఇస్రాఫ్ కాదా?" అనే బుజుర్గులకి ఒకటే అర్జ్. వద్దనుకుంటే కొనకండి, ఎవరూ జబర్దస్తీ చేయరు. కొంటే మాత్రం సరిగ్గా కొనండి. అరవై వేల సామాను ఆరువందల డబ్బాకి అప్పగించడమే నా లెక్కలో అసలైన ఇస్రాఫ్.

ఆ డబ్బా చేసే పని చిన్నది కాదు. గోడలో నుంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ. కంప్యూటర్ లోపలికి కావాల్సింది 12 వోల్టుల డీసీ, కాస్త 5, కాస్త 3.3. ఎస్‌ఎంపీఎస్ ఆ 230ని ముందు దాదాపు 325 వోల్టుల డీసీగా మార్చి, దాన్ని సెకనుకి వేల సార్లు ముక్కలు చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి 12కి దించుతుంది. ఆ 325కీ మీ పాతిక వేల గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య ఉన్న పర్దా ఆ ఒక్క డబ్బానే. వోల్టేజీ పెరిగినా, కరెంటు మితిమీరి లాగినా, షార్టయినా, వేడెక్కినా తనంతట తాను బంద్ అయ్యే ఇంతెజాం మంచి డబ్బాలో ఉంటుంది. ముఫ్త్ డబ్బాల్లో చాలావాటి మూత తీస్తే బోర్డు మీద కొన్ని పార్టుల పేర్లు అచ్చేసి కనపడతాయి, పార్టులు కనపడవు. వాటి జాగాలో ఓ తీగముక్క అతికించి ఉంటుంది. (మీరు మాత్రం మూత తీయకండి. ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లో చార్జి నిలిచి ఉంటుంది, ప్రాణం మీదికి తెస్తుంది. దుమ్ము దులుపుతానని స్క్రూడ్రైవర్ పట్టుకునే చచ్చాలకి కూడా ఇదే మాట.)

మూత తీయకుండానే దగా పట్టుకోవచ్చు. లేబుల్ చదవండి చాలు. 450 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాన్ని వదిలేయండి. కింద చిన్న అక్షరాల్లో ఖానాలుంటాయి. ప్లస్ 12 వోల్టుల ఖానాలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో హెచ్చవేయండి. ఈమధ్య నేను చదివిన ఒక డబ్బా మీద 16 ఆంపియర్లు ఉంది. 16ని 12తో హెచ్చవేస్తే 192 వాట్లు. మరి మిగిలిన 258 ఎక్కడ? కొంత 5, 3.3 వోల్టుల ఖానాల్లో, మిగతాది ఉత్త ఝూట్. పాతికేళ్ళ కిందటి కంప్యూటర్లు ఆ చిన్న వోల్టుల లైన్ల నుంచి ఎక్కువ తాగేవి. ఇప్పటివి దాదాపు మొత్తం 12 నుంచే తాగుతాయి.

ఇప్పుడు మన పిల్లలు అడిగే మామూలు కంప్యూటర్ లెక్క తీయండి. ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకి 170 వాట్లు. ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్ జోరు మీదున్నప్పుడు 117. బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లు కలిపి ఓ 50. మొత్తం 337. మీద నుంచి గ్రాఫిక్స్ కార్డు క్షణంలో వెయ్యో వంతు సేపు ఇంకా ఎగిరి దూకుతుంది. అందుకే ఆ కార్డుకి 550 వాట్ల సప్లై ఉండాలని తయారుచేసిన ఎన్‌విడియా కంపెనీయే చెప్తోంది. మన దుకాణదారు 192 దగ్గర ఆపి, పైన "450" అని రాసిన కాగితం చూపించి సలాం కొడతాడు.

ఇంకో నిషానీ. ఆ కార్డుకి ఎనిమిది పిన్నుల కరెంటు తీగ కావాలి. 150 వాట్లు మోయాల్సిన తీగ అది. ముఫ్త్ డబ్బాకి ఆ తీగే ఉండకపోవచ్చు. అప్పుడు దుకాణదారు పాత హార్డ్‌డిస్కు తీగలకి ఓ కన్వర్టర్ తగిలించి "చల్‌తా హై" అంటాడు. కన్వర్టర్ మాట వినగానే లేచి బయటికి వచ్చేయండి. వెనకాల 115, 230 అని మార్చే ఎర్ర స్విచ్ ఉన్న డబ్బా అయినా అంతే. అది పాతకాలపు నక్షా. ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఆ స్విచ్‌ని 115 వైపు జరిపితే, ఆన్ చేసిన మరుక్షణం పేలుతుంది.

చిల్కానగర్‌లో మాకు తెలిసిన ఇల్లు ఒకటుంది. తండ్రి నాచారం పారిశ్రామికవాడలో లేత్ మీద పనిచేస్తాడు. కొడుకు ఇంటర్ అయ్యాక గేములతో మొదలుపెట్టి షాదీ వీడియోల ఎడిటింగ్ నేర్చుకున్నాడు. ఫొటో స్టూడియోల పని ఇంటికి తెచ్చుకుని నెలకి ఎనిమిది, తొమ్మిది వేలు అమ్మీ చేతిలో పెట్టేవాడు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం వీడియో రెండరింగ్ పెట్టి మగ్రిబ్ నమాజ్‌కి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గదిలో కాలిన వాసన. డబ్బా పోయింది, పోతూ పోతూ బోర్డునీ గ్రాఫిక్స్ కార్డునీ తీసుకుపోయింది. దుకాణంలో ఏమన్నారో తెలుసా? "కరెంటు ప్రాబ్లమ్, వారంటీ రాదు. రాత్రంతా గేములాడితే ఇంతే." తండ్రి ఆ మాట నమ్మాడు. మిషన్ల మధ్య జిందగీ గడిపిన మనిషి, అధిక లోడు మీద మోటారు ఎలా కాలుతుందో నాకంటే బాగా తెలిసిన మనిషి, కొడుకు విషయంలో దుకాణదారు మాటే యకీన్ చేశాడు. పిల్లవాడి మీద ఇల్జామ్ పడింది. 16 ఆంపియర్ల లేబుల్ నేను చదివింది ఆ కాలిన డబ్బా మీదే. తండ్రిని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళి లెక్క చూపిస్తే జవాబు ఇది: "ముఫ్త్ ఇచ్చినదానికి వారంటీ ఏంటి సాబ్?"

బిల్లు తీసి చూశాం. కేబినెట్ పేరు ఉంది, ఎస్‌ఎంపీఎస్ ఊసే లేదు. ముఫ్త్ అంటే అర్థం అది. ధర లేదు కాబట్టి బిల్లు లేదు, బిల్లు లేదు కాబట్టి జిమ్మెదారీ లేదు. పిల్లవాడు ఇప్పుడు స్టూడియోలో రోజుకూలీ మీద వాళ్ళ కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. కార్డు డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. అబ్బాజాన్ ఇల్జామ్ వాపసు తీసుకున్నాడో లేదో నేను అడగలేదు.

ఈ కథ విన్న కొందరు పిల్లలు రెండో చివరికి పరుగెత్తుతారు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పాడని 850 వాట్లు, గోల్డ్, అన్ని తీగలూ విడివిడిగా ఊడొచ్చేది కావాలంటారు. బేటా, 337 వాట్ల కంప్యూటర్‌కి 850 ఎందుకు? 550 వాట్ల బ్రాంజ్ డబ్బా, మూడు నుంచి అయిదేళ్ళ వారంటీ ఉన్నది, నాలుగు వేల చుట్టుపక్కల దొరుకుతుంది. రేపు ఆర్‌టీఎక్స్ 4070 లాంటిది పెట్టే ఇరాదా ఉంటే 650. అంతకు మించింది షాన్ కోసమే.

"గోల్డ్ అయితే కరెంటు బిల్లు తగ్గుతుంది" అని ఒక దలీల్ వినిపిస్తారు. తగ్గుతుంది, ఎంతో చూద్దాం. సగం లోడు మీద బ్రాంజ్‌కీ గోల్డ్‌కీ తేడా నాలుగైదు శాతం. కంప్యూటర్ 250 వాట్లు వాడుతుంటే గోడ దగ్గర తేడా 12 నుంచి 16 వాట్లు. రోజుకి నాలుగు గంటల చొప్పున నెలకి రెండు యూనిట్లు కూడా కాదు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇళ్ళు అసలు చూడాల్సిన హిసాబ్ వేరు. ఆ కంప్యూటర్ మొత్తం కలిపి నెలకి 30, 35 యూనిట్లు తాగుతుంది. ఎండాకాలం కూలర్‌తో కలిసి 200 దాటిందంటే బిల్లు మొత్తం కట్టాల్సిందే. గోల్డ్ ముద్ర దాన్ని ఆపదు.

పైగా ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా అవుతుందన్నదే, డబ్బా ఎంత మజ్బూత్ అన్నది కాదు. ఆ పరీక్ష కూడా 23 డిగ్రీల దగ్గర చేస్తారు. మే నెలలో నాచారం రేకుల గదిలో 23 డిగ్రీలు ఎవరికైనా కనపడితే నాకూ చూపించండి. గిగాబైట్ అంత పెద్ద పేరున్న కంపెనీ, జీపీ-పీ750జీఎం అనే గోల్డ్ డబ్బా. పరీక్షల్లో ఢాం ఢాం అని పేలితే 2021 ఆగస్టులో మార్చి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. కాబట్టి పేరు చూసి ఆగకండి, ఆ మోడల్‌ని విప్పి పరీక్షించినవాళ్ళు ఏం రాశారో పిల్లలతో వెతికించండి. ఈ పని వాళ్ళకి మనకంటే బాగా వచ్చు.

దుకాణదారుని ఇంతసేపు తిట్టాను, ఇక మన గోడల సంగతి. కేబినెట్ ముట్టుకుంటే వేళ్ళు జుమ్మంటున్నాయా? "కొంచెం కరెంటు వస్తుంది, చెప్పులేసుకుని కూర్చో" అని అమ్మీలు చెప్పే ఇళ్ళు ఉప్పల్‌లో నాకు ఎన్నో తెలుసు. ఆ ఇళ్ళల్లో ఎర్తింగ్ లేదు, లేదా మూడో పిన్ను ఎగ్గొట్టే చిన్న అడాప్టర్ పెట్టారు. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కాస్త కరెంటుని ఎర్త్‌లోకి వదులుతుంది. దారి లేకపోతే అది కేబినెట్ మీదే ఉండిపోతుంది. ఎంత ఖరీదైన డబ్బా కొన్నా ఈ జుమ్ము పోదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కొలిపించండి. 230 దగ్గర చూపించాలి. చూపించకపోతే మకాన్‌మాలిక్‌ని అడగండి. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్త్ గుంత ఏమంత కోట కాదు, కిరాయి తీసుకునేవాడి జిమ్మెదారీ అది. గుంత ఉన్నా ఎండల్లో నీళ్ళు పోయకపోతే ఎండి పనికిరాకుండా పోతుంది.

గాలివానలకి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే ఒక ఇంటికి 100, పక్కింటికి 350 వోల్టులు రావడం ఉంది. అప్పుడు ఏ డబ్బా అయినా చావొచ్చు. మంచిది తాను చచ్చి కార్డుని బచాయిస్తుంది, అంతవరకే ఉమ్మీద్. ఉరుములు మొదలైతే ప్లగ్ పీకేయమనండి. యూపీఎస్ ఉంది కదా అంటారు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు. 337 వాట్ల కంప్యూటర్, మానిటర్ కలిపి దాని మీద పెట్టి ఆడితే, కరెంటు పోగానే అదీ పోతుంది.

సొంతంగా ఎలక్ట్రానిక్స్ సామాను తయారుచెయ్యడం కోసం 1967లో ఈసీఐఎల్ పెట్టింది ఈ ఇలాకా పక్కనే. ఆ ఇలాకా పిల్లలకి లేబుల్ మీద ఆంపియర్లు చదవడం మనం నేర్పలేమా? పార్క్‌లేన్ సీటీసీకి వెళ్ళినా, ఇంటి పక్క గల్లీలో కొన్నా, కాగితం మీద గ్రాఫిక్స్ కార్డు రాసిన వెంటనే రెండో లైనులో ఎస్‌ఎంపీఎస్ రాయించండి. మోడల్ పేరు, ధర, సీరియల్ నంబర్ బిల్లులో పడాలి. కేబినెట్‌లో ముందే బిగించి ఉన్న ముఫ్త్ డబ్బాని మీ ఎదుటే విప్పించి, దుకాణంలోనే వదిలేసి రండి.