ముంబైలో ఒక్క ఆదివారం

ఆఫీసు పని మీద ముంబై వెళ్లా. ఖాళీ దొరికింది ఒక్క ఆదివారం. రీల్స్ చూసి 14 స్పాట్లతో లిస్ట్ రెడీ చేశా. మ్యాప్‌లో పెట్టి చూస్తే సగం రోజు క్యాబ్‌లోనే పోయేలా ఉంది.

అంతలో నాన్న ఫోన్. "మీ తాత పనిచేసిన పరేల్ దిక్కు పోతవా బిడ్డా? ఒక ఫొటో పంపు" అన్నాడు. సిరిసిల్ల నుంచి వెళ్లిన తాత అక్కడి బట్టల మిల్లులో కార్మికుడు. 1982 సమ్మె తర్వాత ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు.

లిస్ట్ పక్కన పడేశా. ఒకటే లోకల్ లైన్, మూడే చోట్లు అనుకున్నా. ఆదివారాలు రిపేర్ల కోసం కొన్ని లోకల్స్ ఆపేస్తారు, అది ముందే చూసుకున్నా.

పొద్దున లోయర్ పరేల్‌లో దిగా. మిల్లులున్న చోట ఇప్పుడు మాల్స్, మా ఆఫీసులాంటి అద్దాల టవర్లు. మధ్యలో పాత మిల్లు పొగగొట్టం ఒకటి మిగిలింది. ఫొటో పంపా. నాన్న చాలాసేపు రిప్లై ఇవ్వలేదు. తర్వాత ఒకటే మెసేజ్: "మా నాయిన దీన్ని రోజూ చూసే ఉంటడు."

మధ్యాహ్నం చర్చ్‌గేట్‌లో దిగి నడుచుకుంటూ సీఎస్ఎంటీ స్టేషన్‌కి వెళ్లా. 2004 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న కట్టడం అది. సాయంత్రం వడాపావ్ పట్టుకుని మెరైన్ డ్రైవ్ గట్టు మీద కూర్చుని సూర్యాస్తమయం చూశా.

మిగతా స్పాట్లు మిస్సయ్యాయి. బాధేం లేదు. మీరు కూడా ఏదైనా సిటీకి వెళ్లేముందు రీల్స్‌తో పాటు ఇంట్లో ఒక మాట అడగండి: "అక్కడ మనవాళ్లు ఎవరైనా ఉండేవాళ్లా?"