వక్ఫ్ లెక్కల్లో ఆమె పేరేదీ?

రెంటచింతల ఎండలను ఎరిగినవారికి గుక్కెడు నీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. పన్నెండు శతాబ్దాల క్రితం కూఫా నుంచి మక్కాకు సాగే ఎడారి దారిలో హజ్ యాత్రికుల కోసం బావులు, జలాశయాలు కట్టించినది ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా. ఆ దారికి నేటికీ ఆమె పేరే నిలిచింది.

అంత దూరం పోనక్కరలేదు. హైదరాబాదు నుంచి బందరుకు వచ్చే పాత దారిలోని హయాత్‌నగర్, గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసినదే. అక్కడ ఆమె కట్టించిన మస్జిదు చుట్టూ బాటసారులు బసచేసే సరాయి గదులు, దాపునే పెద్ద బావి ఉన్నాయి. 1626లో పన్నెండేళ్ల కుమారుడు అబ్దుల్లా కుతుబ్‌షా గద్దెనెక్కినప్పుడు రాజ్యభారం వహించినది కూడా ఆమెయే.

స్త్రీలు ఇవ్వడమే కాదు, నిర్వహించారు కూడా. ఖైబర్‌లో లభించిన భూమిని హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (స) సలహాపై వక్ఫ్ చేశారు. భూమి అమ్ముడుపోరాదు, దాని ఫలం పేదలకు, బాటసారులకు చెందాలి. తన అనంతరం దాని పర్యవేక్షణను ఆయన అప్పగించినది కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)కు. హదీసు గ్రంథాల్లో ఇది నమోదై ఉంది. ఇస్లాం చరిత్రలోని తొలి వక్ఫులలో ఒకదానికి ముతవల్లీ స్త్రీ అన్నమాట!

మరి నేడో? ఉద్యోగకాలమంతా రిజిస్టర్లతోనే గడిపిన మేము ఎన్నో ఆస్తుల వివరాలు చూశాము. సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది. దాత పేరు రాయవలసిన గడి తరచూ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీల వెనుక ఎందరు తల్లులున్నారో! రాష్ట్ర వక్ఫ్ బోర్డులో కనీసం ఇద్దరు మహిళలుండాలని 2013 నాటి సవరణ చట్టమే చెప్పింది. మేమెరిగిన ఊళ్లలోని మస్జిదు కమిటీల్లో మాత్రం ఒక్క మహిళా లేదు.

"ఆడవారికి లెక్కలేం తెలుసు?" అని కొందరు పెద్దలు మాతో అన్నారు. వారి ఇళ్లలోని కోడళ్లే డ్వాక్రా సంఘాల్లో పొదుపులు, అప్పులు, వాయిదాలు పైసాతో సహా రాస్తున్నారు. బ్యాంకు నమ్మిన చేతిని జమాత్ నమ్మలేదా?

మన జమాత్‌లకు మా విన్నపం ఇది. వృద్ధులను అడిగి, పాత దస్తావేజులు వెదికి, దాతల పేర్లు, ముఖ్యంగా స్త్రీల పేర్లు రాసిపెట్టండి. కమిటీలో ఇద్దరు మహిళలకైనా చోటివ్వండి. వక్ఫ్ ఆదాయం లెక్కను ఏటా వారి ఎదుట కూడా చదవండి. వితంతువు అవసరమేమిటో, చదువు మానిన బాలిక ఇల్లెక్కడో మనకంటే వారికే బాగా తెలుసు.

ఇది మనం స్త్రీలకు కొత్తగా ఇచ్చే హక్కు కాదు. హజ్రత్ ఉమర్ (రజి) నాడే అప్పగించిన బాధ్యత. దానిని తిరిగి వారికి అప్పగించడమే మన పని.