నషా ఆటది కాదు, దోస్తీది



"మా వాడు ఫోన్ వదలడు భాయ్, కాస్త నసీహత్ చేయండి." జుమా నమాజ్ తర్వాత ఈ షికాయత్ తరచూ వినిపిస్తోంది. ఫోన్ లాక్కుంటాం, వైఫై ఆపేస్తాం. వారం తిరక్కుండా మళ్లీ అదే హాల్. ఎందుకని?

మన చిన్నప్పటి వీడియో గేమ్ చాలావరకు ఒంటరి ఆట, ఎప్పుడైనా ఆపొచ్చు. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అలాంటివి కావు. నలుగురు దోస్తులు కలిస్తే ఒక స్క్వాడ్. చెవిలో ఇయర్‌ఫోన్, ఆట సాగినంతసేపూ కబుర్లు. బీజీఎంఐలో ఒక పూర్తి మ్యాచ్ అరగంట దాకా నడుస్తుంది. మధ్యలో అమ్మీ ఖానాకు పిలిస్తే లేవడమంటే వాడి దృష్టిలో మిగతా ముగ్గురికీ దగా చేయడమే. మనకు కనిపించేది జిద్దు, వాడి దిల్‌లో ఉన్నది వఫాదారీ. పైగా రోజూ వచ్చేవారికి ఇనామ్‌లు, ర్యాంకులు, గడువు తీరిపోయే సీజన్లు.

2020 సెప్టెంబర్‌లో కేంద్రం పబ్‌జీ మొబైల్‌ని నిషేధించింది. చాలామంది పిల్లలు దోస్తులతో సహా మరో ఆటలోకి మారారు. 2021లో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. ఆట పోయినా మహఫిల్ చెదరలేదు.

ఆడే ప్రతి పిల్లవాడూ బీమార్ కాదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ కూడా ఉంది. ఆట మీద కాబూ తప్పడం, అన్నిటికంటే ఆటే ముఖ్యమవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాది పాటు కనిపించాలి. అప్పుడు తిట్లూ తావీజులూ ఇలాజ్ కాదు, మానసిక వైద్యుడికి చూపించాలి.

మిగతా పిల్లల జిమ్మేదారీ మనదే. స్క్వాడ్‌లో ఎవరెవరున్నారో అడగండి. గడియారం చూసి కాక, ఎన్ని మ్యాచ్‌లో ముందే మాట్లాడుకోండి. దస్తర్‌ఖాన్ మీద అబ్బా ఫోన్ కూడా పక్కన పెట్టాలి.

ఇంకో మాట. మన మొహల్లాల్లో పిల్లలు కలుసుకునే జాగా ఏది? మైదానాలు ప్లాట్లయ్యాయి. ఆడపిల్లలకు అవి ముందు నుంచీ లేవు. మస్జిద్‌లో వెనక సఫ్‌లో కాస్త నవ్వితే చాలు, పెద్దలు గద్దిస్తారు. ఫోన్‌లో మాత్రం ముగ్గురు పేరు పెట్టి పిలుస్తారు. అసర్ నుంచి మగ్రిబ్ దాకా పిల్లలు కలిసి ఆడుకునే చోటు ప్రతి మొహల్లాలో ఒకటి ఏర్పాటు చేయమని మస్జిద్ కమిటీలను అడుగుదాం. ఫోన్ లాక్కునే ముందు ఆ పని మొదలుపెడదాం.