శిలాఫలకం మీద ఎవరి పేరు?

కొత్త చర్చి ప్రతిష్ఠ దగ్గరపడేసరికి సంఘ పెద్దల మధ్య ఒక తగువు మొదలవుతుంది. శిలాఫలకం మీద ఎవరి పేర్లు చెక్కించాలి? స్థలం ఇచ్చినాయన పేరు ముందా, అమెరికా నుంచి ఎక్కువ డబ్బు పంపినతని పేరు ముందా? చివరికి ఒక పెద్దాయన లేచి, "మహిమ దేవునికి చెందాలి గానీ మనకెందుకయ్యా, అసలు పేర్లే వద్దు" అంటాడు. అందరూ ఆమెన్ అంటారు. ఆ తర్వాత పేర్లు చెక్కిస్తారు.

నవ్వొస్తుంది గానీ, ఈ తగువులో రెండు పక్షాలకీ లేఖనాధారం ఉంది. మీ మంచి పనులు చూసి జనం పరలోకపు తండ్రిని మహిమపరచాలని యేసు కొండమీది ప్రసంగంలో చెప్పాడు (మత్తయి 5:16). అదే ప్రసంగంలో కాసేపటికి, మనుషులు చూడాలని నీతికార్యాలు చేయొద్దనీ, కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియనివ్వొద్దనీ చెప్పాడు. పని కనపడాలి, కనపడటం కోసం చేయకూడదు. పేరు చెక్కించినవాడి మనసులో ఏముందో రాయిని చూసి చెప్పలేం. చనిపోయిన తల్లి పేరు ఫ్యాన్ రెక్క మీద రాయించిన కొడుకుది గర్వమేనని నేను తీర్పు చెప్పలేను. పైగా ఎవరెంత ఇచ్చారో నలుగురికీ తెలిస్తే రేపు లెక్క అడిగే వీలుంటుంది. గుప్తదానాలు ఎక్కువైన చోట లెక్కలూ గుప్తంగానే ఉండిపోవచ్చు.

అయినా క్రైస్తవ సంప్రదాయం ఎటు మొగ్గిందో స్పష్టమే. 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ చిన్న ప్రశ్నోత్తరి మొదటి ప్రశ్నలోనే మనిషి బతుకు దేనికని అడిగి, దేవుణ్ణి మహిమపరచడానికీ ఆయనలో ఆనందించడానికీ అని జవాబిచ్చింది. పౌలైతే తినడం, తాగడం కూడా ఇందులో కలిపేశాడు. ఇలా బతికితే మనిషి చిన్నబోతాడని బయటినుంచి చూసేవాళ్లకు అనిపిస్తుంది. ఆదివారం అందరికంటే ముందొచ్చి చాపలు పరిచి, ఆరాధన అయ్యాక వాటిని చుట్టిపెట్టి వెళ్లే అమ్మ సంగతి చూడండి. పదిమంది మెప్పే కొలబద్ద అయితే ఆమె పని ఎవరి లెక్కలోకీ రాదు. చూసేవాడు దేవుడైతే ఆ పనికీ ప్రసంగానికీ ఒకటే విలువ. 1878లో ఒంగోలు ప్రాంతంలో మిషనరీ క్లౌ దొర నడిపిన మిషన్ ఆధ్వర్యంలో ఒకే రోజు రెండువేల మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి మెప్పుతో పనిలేకుండా విలువ దొరుకుతుందన్న మాట వాళ్లకెంత పెద్దదో ఊహించుకోవచ్చు.

అక్కడే చిక్కు కూడా ఉంది. పేరున్నవాణ్ణి పేరు వదులుకోమనడం ఒకటి, ఏనాడూ పేరు దక్కనివాణ్ణి వదులుకోమనడం ఇంకొకటి. "ఇది సేవ కదమ్మా, జీతం గురించి పట్టించుకోకూడదు" అనే మాట కిందివాళ్లే ఎక్కువ వింటారు. ఇంట్లో దెబ్బలు తినే భార్యతో "బయట చెబితే దేవుని నామానికి అవమానం" అనే పెద్దలున్నారు. మరోవైపు సువార్త కూటాల ఫ్లెక్సీల మీద దైవజనుడి ముఖం నిలువెత్తున ఉంటుంది, సమస్త మహిమ దేవునికే అన్న మాట అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. దేవుడు కంటికి కనపడడు. ఆయన పేరుతో మహిమ అందుకునేవాళ్లు మాత్రం బాగానే కనపడతారు.

అసలు పొగడ్త కోరే దేవుడేమిటన్న అభ్యంతరం ఇంకా లోతైనది. విశ్వాసంలోకి వస్తున్న రోజుల్లో తనకూ ఇది అడ్డుపడిందని సి.ఎస్. లూయిస్ కీర్తనల గ్రంథం గురించి 1958లో వెలువరించిన పుస్తకంలో రాశాడు. నచ్చినదాన్ని మెచ్చుకోకుండా ఉండలేమనీ, మెచ్చుకున్నప్పుడే ఆ ఆనందం నిండుతుందనీ ఆయన తేల్చుకున్నాడు. సమాధానం బాగుంది. కాకపోతే దెబ్బలు తినే ఆ భార్యకు ఇది చాలదు.

ఆమెకు పౌలు పనికొస్తాడు. అపొస్తలుల కార్యాల గ్రంథంలో, లుస్త్రలో పౌలు మాటకు కుంటివాడు లేచి నడిస్తే, జనం పౌలు బర్నబాలను దేవతలనుకుని ఎద్దుల్ని బలివ్వబోయారు. ఇద్దరూ బట్టలు చింపుకుని మరీ ఆపారు. రెండధ్యాయాలు దాటితే అదే పౌలు ఫిలిప్పీ చెరసాలలో ఉంటాడు. విచారణ లేకుండా కొట్టించిన అధికారులు తెల్లారాక గుట్టుగా పంపేయబోతే కదలనంటాడు. మేము రోమా పౌరులం, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలంటాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. తనది కాని మహిమను తోసేసినవాడు తనకు రావలసిన మర్యాదను వదల్లేదు. ఎవరైనా దేవుని మహిమ కోసమని చెబితే, తన పేరును వదులుకుంటున్నాడా, పక్కవాడి హక్కును వదిలించేస్తున్నాడా అని చూస్తాను. మొదటిది భక్తి కావచ్చు. రెండోదాన్ని నమ్మను.

అన్ని సందర్భాలూ ఇంత తేలిగ్గా తేలవు. సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాక్ తన రాతప్రతుల చివర తరచూ ఎస్.డి.జి. అని మూడక్షరాలు వేసేవాడు. దేవునికే మహిమ అనే లాటిన్ మాటకు అది పొట్టిరూపం. అదే బాక్ 1730లో మిత్రుడు ఎర్డ్‌మాన్‌కు రాసిన ఉత్తరంలో లైప్‌జిగ్‌లో రాబడి చాలడం లేదన్నాడు. గాలి ఆరోగ్యంగా ఉండి చావులు తగ్గడంతో అంత్యక్రియల రుసుము పడిపోయిందని కూడా వాపోయాడు. ఇంటినిండా పిల్లలున్నవాడు కూలి గురించి బాధపడటంలో నాకు తప్పు కనపడదు. ఆ తర్వాత ఆయన అడిగిన బిరుదు విషయంలో అంత ధీమాగా చెప్పలేను. 1733లో ఆయన సాక్సనీ పాలకుడికి తన కొత్త స్వరరచన పంపాడు. అందులో ఎక్కువ భాగం ఉన్నతస్థలాల్లో దేవునికి మహిమ అని పాడే గ్లోరియాయే. దానికి జతచేసిన అర్జీలో మాత్రం తనకొక ఆస్థాన బిరుదు ఇప్పించమన్నాడు. లైప్‌జిగ్‌లో తనకు అకారణంగా అవమానాలు జరుగుతున్నాయనీ, రాబడిలో కోత పడుతోందనీ, బిరుదుంటే అవి ఆగుతాయనీ కారణం చూపాడు. మూడేళ్ల తర్వాత, 1736లో, ఆ బిరుదు వచ్చింది.