రెండు గ్లాసుల ఊళ్లో రెండు డిగ్రీలు ఎవరికి?

మన ఊళ్ల టీ కొట్లలో రెండు గ్లాసులుండేవి. ఒకటి ఊరికి, ఒకటి వాడకు. ఆ గ్లాసులు ఇంకా పోని ఊళ్లూ ఉన్నాయి. ఇప్పుడు ఇంజనీరింగు చదువులో రెండు డిగ్రీలు వచ్చాయి. ఒకటి ఇక్కడిది, ఒకటి విదేశానిది. దీనికి ఇంటర్నేషనల్ డ్యూయల్ డిగ్రీ అని పేరు పెట్టారు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకడు రెండు పట్టాలతో బయటికొస్తాడు, ఇంకొకడు ఒక్క పట్టాతో. తేడా ఎక్కడుంది? తెలివిలోనా? ఇద్దరూ రాసిన పరీక్ష ఒకటే గదా! తేడా అంతా నాయన బ్యాంకు ఖాతాలో ఉంది.

ముందు దీని కథేమిటో తెలుసుకుందాం. 2022 మే నెలలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. మన దేశపు విద్యాసంస్థలు విదేశీ యూనివర్సిటీలతో కలిసి ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీ కోర్సులు నడపవచ్చంది. డ్యూయల్ డిగ్రీలో రెండు సంస్థలూ వేర్వేరుగా పట్టాలిస్తాయి. మొత్తం క్రెడిట్లలో కనీసం 30 శాతం ఇక్కడ సంపాదించాలి. మిగతావి అక్కడ. నాక్‌లో 3.01 మార్కులున్న సంస్థకో, జాతీయ ర్యాంకుల్లో మొదటి వంద యూనివర్సిటీల్లో ఉన్నదానికో, ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎమినెన్స్’ అని కేంద్రం ముద్ర వేసినదానికో ఈ పనికి యూజీసీ అనుమతి కూడా అక్కర్లేదు.

ఈ గేటు ఎవరికి తెరుచుకుందో చూడండి. బిట్స్ పిలానీ ‘ఎమినెన్స్’ ముద్ర ఉన్న ప్రైవేటు సంస్థ. హైదరాబాదులోనూ క్యాంపస్ ఉంది. సగం చదువు ఇక్కడ, సగం అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో చదివే ఇంజనీరింగు కోర్సులు నడుపుతోంది. అక్కడ కుల రిజర్వేషన్ లేదు. 2025 ఆగస్టులో దిగ్విజయ్ సింగ్ అధ్యక్షతన ఉన్న పార్లమెంటు స్థాయీసంఘం ఒక నివేదిక పెట్టింది. అందులో లెక్క ఉంది: 2024-25లో బిట్స్‌లో 5,137 మంది విద్యార్థులైతే ఎస్సీలు 29 మంది, ఎస్టీలు నలుగురు. నలుగురంటే నలుగురే! దేశ జనాభాలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఎస్సీ. ఆ క్యాంపస్‌లో వంద మందికి ఒకరు కూడా రాలేదు. విమానం ఎక్కేదాకా ఎందుకు, మెయిన్ గేటు దగ్గరే మనవాళ్లు ఆగిపోయారు.

ఇది చట్టం చేతకానితనం అనుకోవద్దు. ప్రైవేటు సంస్థల్లోనూ రిజర్వేషన్ పెట్టుకోవచ్చని 93వ సవరణతో రాజ్యాంగంలో 15(5) అధికరణం చేరింది. 2014లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తేల్చింది. ఇన్నేళ్లయినా ప్రైవేటు సంస్థలకు వర్తించే చట్టం పార్లమెంటు చేయలేదు. విదేశీ సంస్థల కోసం నిబంధనలు రాయడానికి ఉన్న తీరిక, మన కోసం ఒక చట్టం రాయడానికి లేకపోయింది.

సరే, ప్రైవేటు సంగతి అట్లుంచండి. సర్కారు యూనివర్సిటీ మాటేమిటి? హైదరాబాద్ జేఎన్‌టీయూ స్వీడన్‌లోని బ్లెకింగే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీతో కలిసి డబుల్ డిగ్రీ నడిపింది. మొదటి ఏళ్లు కూకట్‌పల్లిలో, చివరి మెట్టు స్వీడన్‌లో. జేఎన్‌టీయూ ఎవరిది? ప్రజల భూమి, ప్రజల సొమ్ము. ఆ పేరు చూసే విదేశీ యూనివర్సిటీ చేయి కలిపింది. ఇక్కడి సీటుకు రోస్టరు అడగవచ్చు, కొట్లాడవచ్చు. అక్కడి ఫీజుకు రోస్టరు ఉందా? 2011కు ముందు స్వీడన్‌లో మన పిల్లలకు ట్యూషన్ ఫీజు లేదు. అప్పుడు తెలుగు పిల్లలు చాలామంది ఆ బ్లెకింగేకే పోయి చదువుకున్నారు. 2011 నుంచి యూరప్ బయటివాళ్లకు ఫీజు పెట్టారు. అది కాక అక్కడ బతకడానికి సరిపడా డబ్బు ఖాతాలో చూపిస్తేనే వీసా. ఎంసెట్‌లో ర్యాంకు చూపించిన పిల్లవాడు మళ్లీ బ్యాంకు బ్యాలెన్సు చూపించాలి. ఈ రెండో ఎంట్రెన్సుకు కోచింగు ఎక్కడ దొరుకుతుంది?

అప్పు తీసుకోండి అంటారు. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే సర్కారు బ్యాంకులు తనఖా అడుగుతాయి. మన దగ్గర ఏముంది? ఉంటే గింటే డి-ఫారం పట్టా. ఆ భూమి పరుల పాలు కాకూడదని 1977లో చట్టం వచ్చింది, మంచిదే. కానీ ఆ పట్టా పట్టుకుపోతే విద్యారుణం ఇచ్చే మేనేజరు ఎంతమంది? హైవే పక్కన ప్లాటున్నోడి కొడుక్కి ఆ మేనేజరే కుర్చీ వేస్తాడు.

స్కాలర్‌షిప్పులు ఉన్నాయి గదా అంటారు. అసలు మోసం ఇక్కడే ఉంది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకే. డిగ్రీ చదువుకు లేదు. దేశం మొత్తానికి 125, అందులో ఎస్సీలకు 115. ఇరవై కోట్ల మంది ఎస్సీలకు నూటపదిహేను! అవీ సరిగా ఇవ్వరు. 2025లో 106 మందిని ఎంపిక చేసి, జూలైలో 40 మందికే ఉత్తరాలిచ్చారు. మిగతా 66 మందికి నిధులుంటే చూస్తామన్నారు. తెలంగాణ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల దాకా ఇచ్చేది కూడా పైచదువులకే. ఆంధ్రలో 2022లో అంబేద్కర్ పేరు తీసేసి ‘జగనన్న విదేశీ విద్యా దీవెన’ అన్నారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ అంబేద్కర్ పేరు పెట్టారు. పేరు మీద కొట్లాట బాగానే జరిగింది. కానీ 2022 పథకంలో పీజీ, పీహెచ్‌డీ, ఎంబీబీఎస్‌లకు చోటు దొరికింది, బీటెక్‌కు దొరకలేదు. డాక్టరు చదువుకు డిగ్రీ దశలోనే సాయం చేయగలిగినప్పుడు ఇంజనీరుకు ఎందుకు చేయరు?

అంటే లెక్క ఇది: డ్యూయల్ డిగ్రీ పిల్లవాడు బీటెక్ మధ్యలోనే విమానం ఎక్కాలి. మన స్కాలర్‌షిప్పులు బీటెక్ పట్టా చేతికొచ్చాకే మొదలవుతాయి. బస్సు వెళ్లిపోయాక టికెట్ ఇచ్చినట్టు!

పోనీ ఇక్కడి చదువుకైనా డబ్బు సక్రమంగా వస్తోందా? 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు ఫీజు బకాయిల కోసం తలుపులు మూసుకున్నాయి. సర్కారు బాకీ పడితే కాలేజీ పట్టుకునేది పిల్లవాడి సర్టిఫికెట్లనే. విదేశీ యూనివర్సిటీ ఫలానా తేదీలోగా మార్కుల పత్రాలు పంపమంటే వీడు ఏం పంపాలి? డబ్బు ఆలస్యం అంటే మన దగ్గర ప్రాణాల మీదికి వచ్చే మాట. రోహిత్ వేముల 2016లో చనిపోతూ రాసిన ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని లెక్క రాసిపోయాడు.

ఇక మెరిట్ మాట. 1990లో మండల్ వచ్చినప్పుడు మెరిట్ చచ్చిపోతోందని రోడ్లు ఊడ్చినోళ్లు, బూట్లు పాలిష్ చేసినోళ్లు ఇప్పుడెక్కడున్నారు? డబ్బుతో రెండో డిగ్రీ కొంటుంటే మెరిట్‌కు దెబ్బ తగలడం లేదా? రిజర్వేషన్ సీటును ముష్టి అన్న నోళ్లకు, యాజమాన్య కోటా ముష్టిగా కనబడదు, విదేశీ సీటు అసలే కనబడదు. రేపు కంపెనీ వాడు రెండు పట్టాలున్నోడిని ముందు పిలుస్తాడు. ఒక్క పట్టా మనవాడిని చూసి ‘కోటా క్యాండిడేట్’ అంటాడు. రెండో పట్టా ఎట్లా వచ్చిందో అడిగే దిక్కు లేదు.

మనలోనూ కొందరు అన్నలు అంటున్నారు: వాడలో పిల్లలు టెన్త్ దాటడమే కష్టంగా ఉంటే ఈ విదేశీ డిగ్రీల గోల మనకెందుకు? అన్నా, నీ బాధ నిజమే. కానీ ఈ మాట 1913లో ఎవరైనా విని ఉంటే అంబేద్కర్ కొలంబియా వెళ్లేవాడా? అప్పుడు మహర్ వాడల్లో అక్షరం వచ్చినోళ్లు ఎందరు? బరోడా సంస్థానం మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌన్లు ఇచ్చింది. గడువు అయిపోగానే 1917లో లండన్ చదువు సగంలో ఆపి వచ్చేశాడు. కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడి అప్పు తోడైతే 1920లో మళ్లీ పోగలిగాడు. అంత గొప్ప బుర్రను కూడా డబ్బు మూడేళ్లు ఆపింది. ఖజానా నుంచి ఆ సొమ్ము రాకపోతే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. బడి కావాలి, విమానమూ కావాలి. ఒకటి అడిగితే రెండోది వదులుకోవాలని ఎవరు చెప్పారు?

డ్యూయల్ డిగ్రీ మూసేయమని మేము అనడం లేదు. మా వాటా అడుగుతున్నాం.

ఒకటి: సర్కారు యూనివర్సిటీ పేరు మీద నడిచే ప్రతి డ్యూయల్ డిగ్రీలో రిజర్వేషన్ ఇక్కడి సీటుకూ, అక్కడి ఖర్చుకూ రెండింటికీ ఉండాలి. ఖర్చు భరించలేని సర్కారు అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు.

రెండు: కేంద్ర, రాష్ట్ర ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులను బీటెక్ దశకు విస్తరించాలి. ఎంపికైన ప్రతి ఒక్కరికీ ఫీజు కట్టే తేదీకి ముందే డబ్బు చేరాలి.

మూడు: వీసాకు చూపించాల్సిన సొమ్ముకు ప్రభుత్వమే హామీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లల విద్యారుణానికి తనఖా అడగకూడదు.

నాలుగు: 15(5) ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్ చట్టం చేయాలి. విదేశీ ఒప్పందాలున్న సంస్థలు కులాల వారీగా ఎంతమందిని పంపాయో ఏటా గోడ మీద అంటించాలి.

ఈ నాలుగూ మన విద్యార్థి సంఘాలు వైస్‌ఛాన్స్‌లర్ల టేబుళ్ల మీద పెట్టాలి. ఎమ్మెల్యేలను ఓటుకు వచ్చినప్పుడు నిలబెట్టి అడగాలి. వేరే గ్లాసులో పోసిన టీ తాగబోమని మన పెద్దలు కొట్లాడారు. వేరే డిగ్రీతో సరిపెట్టుకోబోమని మనం కొట్లాడాలి.