పాత కమతాలు సజీవ ప్రదర్శనశాలలుగా నిలవాలి

ప్రదర్శనశాలలో గొర్రును చూసిన విద్యార్థికి దాని ఆకారం తెలుస్తుంది. జడ్డిగంలోకి గింజలను ఏ వేగంతో జారవిడవాలో, నేల పదును చూసి ఎంత లోతున విత్తాలో తెలియదు. ఆ జ్ఞానం పనిముట్టులో లేదు. దానిని వాడిన చేతులలో ఉంది. కనుక తరతరాలుగా సాగులో ఉన్న కొన్ని కుటుంబ కమతాలను, వాటి సాగు పద్ధతులతో సహా, సజీవ ప్రదర్శనశాలలుగా నిలుపుకోవడం అవసరం.

ఈ భావన కొత్తది కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1970లో ఏర్పడిన ‘లివింగ్ హిస్టరీ ఫార్మ్స్’ సంస్థకు ఆద్యుడు వ్యవసాయ ఆర్థికశాస్త్ర ఆచార్యుడైన విలియమ్ ముర్రే. అక్కడ 1700, 1850, 1900 నాటి సేద్యాలను వేర్వేరు క్షేత్రాలలో చేసి చూపుతారు. న్యూజెర్సీలోని హోవెల్ క్షేత్రం మరింత గమనార్హం. మాజీ కాంగ్రెస్ సభ్యుడైన తన భర్త ఛార్లెస్ హోవెల్ స్మృత్యర్థం ఇనెజ్ హోవెల్ 1974లో ఆ కమతాన్ని మెర్సర్ కౌంటీకి దానం చేశారు. అక్కడ 1900 ప్రాంతపు పద్ధతులలో గుర్రాలతో సేద్యం సాగుతుంది. సందర్శకులు చూసి వెళ్లడమే కాక పనులలోనూ పాల్గొంటారు.

ఇటువంటి క్షేత్రం విస్తరణ విద్యకు ఎంతో ఉపకరిస్తుంది. జత ఎడ్లతో మోట తోలి తోటకు నీరు పెట్టడంలోని శ్రమను స్వయంగా అనుభవించిన విద్యార్థికి, విద్యుత్ మోటారును రైతు ఎందుకు అంత త్వరగా స్వీకరించాడో వివరించనక్కరలేదు. ఒకే చేనులో జొన్న, కంది కలిపి వేయడంలోని ముందుచూపు కూడా అక్కడే బోధపడుతుంది. పాత పద్ధతులలో ఏది నిలుపుకోదగినదో, ఏది విడువదగినదో నిర్ణయించడానికి ఆ అనుభవమే ఆధారం.

అయితే గతాన్ని స్వర్ణయుగంగా చూపితే అది చరిత్ర కాదు. పాలేరు వెట్టి, స్త్రీల లెక్కకురాని శ్రమ, అనావృష్టినాటి అప్పులు కూడా ఆ కమతాల చరిత్రలో భాగమే. యజమాని కుటుంబంతో పాటు అక్కడ పనిచేసిన కూలీల కుటుంబాల జ్ఞాపకాలనూ నమోదు చేయాలి.

ఆచరణలో అవరోధాలు లేకపోలేదు. తెలుగు నేలపై కమతాలు వారసుల నడుమ పంపకాలతో చిన్నవవుతున్నాయి. పాత పద్ధతిలో సాగు చేయమని రైతును కోరి, దిగుబడి నష్టాన్ని అతనిపైనే మోపడం అన్యాయం. కమతంలో కొంత భాగాన్ని మాత్రమే ఒప్పందంపై తీసుకొని, నష్టాన్ని భర్తీ చేస్తూ, పని నేర్పే వృద్ధులకు గౌరవ వేతనం చెల్లించే ఏర్పాటు ఉండాలి. ఈ బాధ్యతను కృషి విజ్ఞాన కేంద్రాలు స్వీకరించవచ్చు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులను అక్కడికి పంపవచ్చు.

మోట తోలినవారు, పాతర తీసి ధాన్యం నిలువచేసినవారు నేడు వృద్ధాప్యంలో ఉన్నారు. నిధులు, భవనాలు సమకూరే వరకు వేచి ఉంటే నేర్పేవారే మిగలరు. ప్రతి వ్యవసాయ వాతావరణ మండలంలోనూ తగిన కమతం ఒక్కటైనా గుర్తించి, వారి పనిని ఒక పూర్తి పంటకాలం పాటు నమోదు చేయడంతో ఈ కృషి ఆరంభం కావాలి.